మెడలోని కొయ్యపలక

వృత్తము యొక్క చుట్టుకొలతకును వ్యాసమునకును గల నిష్పత్తిని తెలుపుటకు మన ఉపాధ్యాయులు నల్లబల్లపై ‘పై’ అను గ్రీకు అక్షరమును వ్రాయుదురు. ఆ అక్షరమును ఈ అర్థమున 1706లో మొదటిసారిగా ముద్రించినవాడు విలియం జోన్సు అను గణితవేత్త. ఆయన వేల్సు దేశమునకు వాయవ్యమున నున్న ఆంగ్లసీ ద్వీపమున ఒక చిన్నరైతు ఇంట పుట్టి, బడిలో లెక్కలయందు చూపిన నేర్పు వలన లండను చేరి పైకి వచ్చినవాడు. ఆయన ఇంటి భాష వెల్షు. ఆయన కుమారుని పేరును విలియం జోన్సే. ఈ రెండవ జోన్సును మన దేశమున చదువుకొన్నవారు చాలమంది యెరుగుదురు. 1783లో కలకత్తాకు న్యాయమూర్తిగా వచ్చి, మరుసటి యేడు ఆసియాటిక్ సొసైటీని స్థాపించి, సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టరికమును 1786లో లోకమునకు చాటి, 1789లో కాళిదాసు శాకుంతలమును ఆంగ్లీకరించిన పండితుడు ఆయనయే. ఆయన మూడవయేటనే తండ్రి మరణించెను. బాలుడు లండనులో ఆంగ్లేయ బాలునివలెనే పెరిగెను. పెక్కు భాషలు నేర్చిన ఆయనను ఫ్రాన్సు రాజునకు పరిచయము చేయుచు, ఈయనకు తన భాష తప్ప లోకములోని భాషలన్నియు వచ్చునని ఆంగ్లేయ రాయబారి పలికెనను ముచ్చట యొకటి ప్రచారమున కలదు.

నవ్వు పుట్టించు ఈ మాటలో ఒక జాతి చరిత్ర ఇమిడియున్నది. తన భాషను పోగొట్టుకొనుట, పోయినదని తెలిసికొనుట, తిరిగి వెదకికొనుట: గడచిన రెండు శతాబ్దములలో వేల్సు నడచిన త్రోవ యిది. ఆ త్రోవలో మాటిమాటికి ఎదురగునది బడి. అందుచేతనే ఈ వారము ఆ దేశమును గూర్చి ఉపాధ్యాయులకును విద్యార్థులకును నాలుగు మాటలు చెప్పదలచితిమి.

వేల్సు బ్రిటను ద్వీపమునకు పడమటి అంచున నున్న కొండల నాడు. 2021 జనాభా లెక్కలలో అక్కడి జనసంఖ్య 31 లక్షలు. ‘వేల్సు’ అను పేరు ఆ ప్రజలు పెట్టుకొన్నది కాదు. తరువాత వచ్చిన ఆంగ్లో-సాక్సనులు, తమకు ముందే ఆ ద్వీపమున నున్నవారిని తమ భాషలో ‘పరాయివారు’ అని పిలిచిరి. ఆ పిలుపే పేరై నిలిచెను. ఆ ప్రజలు తమ దేశమును ‘కమ్రి’ అందురు. ఒక నాటివారు, తోటివారు అని ఆ మాటకు మూలార్థము. 1282లో వారి ప్రభువు ల్లెవెలిన్ ఆంగ్లేయులతో పోరి కూలెను. 1536, 1543 సంవత్సరముల చట్టములతో ఎనిమిదవ హెన్రీ వేల్సును ఇంగ్లండులో కలిపివేసెను. న్యాయస్థానములలో ఆంగ్లమే వాడవలెననియు, ఆంగ్లము వాడని వెల్షువారికి పదవులు దక్కవనియు శాసించెను. అటుపిమ్మట నాలుగు వందల యేండ్లకు పైగా ఆ దేశమునకు సింహాసనము లేదు, శాసనసభ లేదు. కార్డిఫ్ నగరమును రాజధానిగా గుర్తించినది 1955లో మాత్రమే.

రాజ్యము లేని భాష నిలిచినదెట్లు? మొదటి ఆధారము ఒక పుస్తకము. బైబిలును వెల్షులోనికి తేవలెనని 1563లో పార్లమెంటే ఆజ్ఞ చేసెను. ప్రజలను ప్రొటెస్టంటు మతమున నిలుపుట దాని ఉద్దేశము గాని భాషాభిమానము కాదు. విలియం మోర్గన్ అను మతగురువు చేసిన సంపూర్ణానువాదము 1588లో వెలువడెను. కచేరీలో అడుగుపెట్టరాని భాష ఆదివారము ప్రార్థనమందిరమున గంభీరముగా వినవచ్చెను. మాండలికములుగా విడిపోవు భాషకు అది యొక ప్రమాణరూపము నిచ్చెను.

రెండవ ఆధారము బడి. 18వ శతాబ్దమున గ్రిఫిత్ జోన్సు అను మతగురువు సంచార పాఠశాలలను నెలకొల్పెను. పొలము పనులు తక్కువగా నుండు చలికాలమున ఉపాధ్యాయుడు ఒక గ్రామమునకు వచ్చి, సుమారు మూడు నెలలు పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు వారి భాషలోనే చదువుట నేర్పి, మరియొక గ్రామమునకు సాగిపోవును. 1761లో ఆయన మరణించు నాటికి ఇట్లు చదువ నేర్చినవారు రెండు లక్షలకు తక్కువ కారని అంచనా. తెలిసిన భాషలో చెప్పుట చేతనే మూడు నెలల చదువు ఫలించెను. ఆ కొండసీమల బీదరైతులు చదువరులైరి.

మరుసటి శతాబ్దమున ఆ బడియే భాషకు శత్రువయ్యెను. 1847లో వేల్సు విద్యాస్థితిపై ముగ్గురు ఆంగ్లేయ విచారణాధికారులు నివేదికలు సమర్పించిరి. వారిలో ఒక్కరికిని వెల్షు రాదు. బడులు హీనస్థితిలో నున్నవని వారు వ్రాసిన దానిలో సత్యము లేకపోలేదు. కాని అంతటితో ఆగక, ప్రజల వెనుకబాటునకును, వారికి అంటగట్టిన దుర్నీతికిని వారి భాషయే ముఖ్యకారణమన్నట్లు వ్రాసిరి. ఆ నివేదికల అట్ట నీలిరంగుది. వెల్షువారు ఆ ఘట్టమును నేటికిని ‘నీలిపుస్తకముల ద్రోహము’ అందురు.

ఆ కాలమున పెక్కు బడులలో ఒక కొయ్యపలక యుండెడిది. వెల్షు మాట పలికిన పిల్లవాని మెడలో దానిని వ్రేలాడదీయుదురు. అతడు మరియొకడు వెల్షు పలుకుట విని పట్టియిచ్చినచో పలక వాని మెడకు మారును. సాయంకాలము బడి విడుచు వేళకు ఎవని మెడలో నున్నదో వానికి దెబ్బలు. పిల్లవానికి తన మాటయందు భయము కలిగించుట యొక యెత్తు; స్నేహితుని పట్టియిచ్చి తాను తప్పించుకొను విద్య నేర్పుట మరియొక యెత్తు.

ఇచ్చట గమనింపవలసినది యొకటి కలదు. ఈ పలకను వాడుమని ఏ చట్టమును శాసింపలేదు. దానిని వాడిన ఉపాధ్యాయులలో వెల్షువారే పలువురు. తల్లిదండ్రులలోను అనేకులు సమ్మతించిరి. ఆంగ్లము వచ్చినగాని బిడ్డ బాగుపడడని వారు నమ్మిరి. ఆ నమ్మకమును మనము తేలికగా నిందింపరాదు. కూలి చేసి బ్రతుకు తండ్రి తన కొడుకు గుమాస్తా కావలెనని ఆశించుట తప్పు కాదు. కాని ఆంగ్లము కావలెననుట యొకటి, అందుకై వెల్షు పోవలెననుట మరియొకటి. ఈ రెండును ఒక్కటేయని నమ్మించుటయే ఆ పలక చేసిన పని. మూడు వందల యేండ్లు చట్టము చేయలేని దానిని సిగ్గు చేసెను.

విచిత్రమేమనగా, ఆ దినములలోనే, 1841లో, థామస్ జోన్సు అను వేల్సు మిషనరీ మన చిరపుంజి చేరి, వెల్షు వర్ణక్రమమును అనుసరించి ఖాసీ భాషను రోమను లిపిలో వ్రాయు పద్ధతిని ఏర్పరచెను. తన యింట బిడ్డలు పలుకరాదనిన భాష, మన ఈశాన్యపు కొండలలో మరియొక భాషకు వ్రాత నిచ్చినది.

లెక్కలు చూడుడు. 1891లో వేల్సున వెల్షు మాటాడువారు నూటికి 54 మంది, 1911లో 43, 1961లో 26, 1991 నాటికి 19 లోపే. ఈ క్షయమునకు బడి యొక్కటియే కారణము కాదు. దక్షిణపు లోయలలో బొగ్గు విరివిగా త్రవ్విన కాలమది. 1913లో అక్కడి గనులనుండి 5 కోట్ల 70 లక్షల టన్నుల బొగ్గు వెలికివచ్చెను. పనికై ఇంగ్లండునుండియు, ఐర్లండునుండియు వేలకొలది కుటుంబములు వచ్చి చేరెను. వీధిలో ఆంగ్లమునకు పైచేయి యయ్యెను. పిదప రెండు ప్రపంచయుద్ధముల నడుమ పనులు లేక లక్షలమంది వేల్సును విడిచిపోయిరి. జనము రాకతో కొంతయు, జనము పోకతో కొంతయు భాష సన్నగిలెను.

అయినను భాష చావలేదు. దానిని నిలిపిన సంస్థలలో సాహిత్యప్రియులు తప్పక తెలిసికొనవలసినది ‘ఐస్టెద్వోద్’ అను కవితాగాన మహోత్సవము. 1176లో కార్డిగన్ కోటలో రిస్ ప్రభువు కవులకును గాయకులకును పోటీలు పెట్టి, గెలిచినవారికి ఆసనము నిచ్చి గౌరవించెను. నేటి జాతీయోత్సవము 1861లో ఆరంభమయినది. సాధారణముగా ఒక యేడు ఉత్తరమునను, ఒక యేడు దక్షిణమునను జరుగును. 1950 నుండి కార్యక్రమమంతయు వెల్షులోనే నడుపవలెనను నియమము కలదు. ప్రాచీన ఛందస్సులో వ్రాసిన ఉత్తమ కవితకు బహుమానము ఒక కుర్చీ. కవి మారుపేరుతో రచనను పంపవలెను. తీర్పు వెలువడిన పిమ్మట సభలో ఆ మారుపేరును పిలుతురు. గెలిచిన కవి జనము నడుమనుండి లేచి నిలుచును. పాదములోని మొదటి సగమున వచ్చిన హల్లులు రెండవ సగమున అదే వరుసలో మరల రావలెననుట వారి ఛందోనియమములలో నొకటి. యతిప్రాసలతో పెరిగిన మనకు ఇట్టి కట్టుబాటులోని రుచిని వేరుగ చెప్పనక్కరలేదు.

1917 సెప్టెంబరులో ఆ ఉత్సవము బర్కన్‌హెడ్ పట్టణమున జరిగెను. గెలిచిన కవి మారుపేరును పిలిచిరి. ఎవరును లేవలేదు. ఆ కవి ఎల్లిస్ ఇవాన్సు. కలము పేరు హెద్ విన్. కొండపల్లెలో గొఱ్ఱెలు కాచుకొను రైతుబిడ్డ. జూలై 31వ తేదీననే బెల్జియము యుద్ధరంగమున బ్రిటిషు సైనికుడుగా మరణించి యుండెను. ఖాళీ కుర్చీపై నల్లని వస్త్రమును కప్పిరి. ఆ కుర్చీ నేటికిని ఆయన పెరిగిన యింట భద్రముగా నున్నది. రాజ్యము లేని జాతి తన కవికి ఇట్టి స్థానము నిచ్చుకొనెను.

ఇంటను, సభయందును, ప్రార్థనమందిరమునను బ్రతికిన భాష మరల బడిలో ప్రవేశించుట చెప్పుకోదగిన కథ. 1939 సెప్టెంబరులో, రెండవ ప్రపంచయుద్ధము మొదలయిన నెలలో, అబరిస్ట్విత్ పట్టణమున ఇవాన్ ఆబ్ ఓవెన్ ఎడ్వర్డ్సు అను విద్యావేత్త వెల్షు మాధ్యమమున ఒక ప్రాథమిక పాఠశాలను ప్రారంభించెను. అప్పటికి ఆ దేశమున అట్టి బడి మరియొకటి లేదు. పిల్లలు ఏడుగురు. ఉపాధ్యాయిని నోరా ఐజాక్. 1947లో లానెల్లి పట్టణమున స్థానిక ప్రభుత్వమే అట్టి బడిని తెరచెను. 1956లో మొదటి ఉన్నత పాఠశాల వచ్చెను. నేడు ప్రాథమిక పాఠశాలల పిల్లలలో ఇంచుమించు ఐదుగురికి ఒకరు వెల్షులో చదువుకొనుచున్నారు. వారిలో పెక్కుమంది యిండ్లలో వెల్షు లేదు. తమకు రాని భాషను బిడ్డలకు ఇవ్వవలెనని తల్లిదండ్రులు వారిని ఆ బడులకు పంపుచున్నారు. కొయ్యపలకకు సమ్మతించిన తల్లిదండ్రుల మునిమనుమలు వీరే.

ఈ మార్పు తనంత తాను రాలేదు. 1952లో లానెల్లికి దగ్గరనున్న ఒక గ్రామమున ట్రెవర్ బీస్లీ అను బొగ్గుగని కార్మికుడును, ఆయన భార్య ఐలీన్ అను ఉపాధ్యాయినియు, పన్నుచీటీని వెల్షులో నిచ్చినగాని పన్ను కట్టమనిరి. పదికి పైగా మారులు న్యాయస్థానమున నిలిచిరి. జప్తు అధికారులు పియానోతో సహా ఇంటి సామానును మోసికొనిపోయిరి. 1960లో రెండు భాషలలో అచ్చయిన చీటీ వారి యింటికి వచ్చెను. ఎనిమిదేండ్ల పోరాటము ఒక చీటీ కొరకా యని నవ్వవచ్చును. కాని 1962 ఫిబ్రవరిలో సాండర్సు లూయిసు అను నాటకకర్త తన ప్రసిద్ధ రేడియో ప్రసంగమున ఈ దంపతులనే మార్గదర్శకులుగా చూపెను. ఆ యేడే యువకులు భాషా సంఘమును స్థాపించి ఉద్యమమునకు దిగిరి. 1967లోను, 1993లోను భాషాచట్టములు వచ్చినవి. 1982లో వెల్షు టెలివిజన్ ప్రసారమార్గము వచ్చినది. 2011లో వెల్షును అధికారభాషగా చట్టము గుర్తించినది.

ఈ నడుమనే జాతీయభావమును లోతుగా గాయపరచిన ఘటన యొకటి జరిగెను. లివర్పూల్ నగరమునకు నీటి కొరకు ట్రవెరిన్ లోయలో జలాశయము కట్టుటకు 1957లో పార్లమెంటు చట్టము చేసెను. వేల్సు ప్రతినిధులలో ఒక్కరును దానికి అనుకూలముగా ఓటు వేయలేదు. అయినను చట్టము నెగ్గెను. 1965లో కాపెల్ కెలిన్ అను వెల్షు పల్లె, దాని బడి, ప్రార్థనమందిరము, తపాలాకచేరి, పొలములు మునిగిపోయెను. ప్రతినిధులలో ఒక్కరును సమ్మతింపని పని ఆగకపోయినచో ఆ ప్రతినిధిత్వమునకు అర్థమేమి యను ప్రశ్న ప్రజలలో పుట్టెను. దానికి సమాధానము దొరకుటకు చాల కాలము పట్టెను. 1979లో ప్రత్యేక సభ కావలెనా యని అడుగగా ఐదింట నాలుగు వంతులమంది వలదనిరి. 1997లో మరల అడుగగా కావలెననువారు 6,721 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. 1999లో సభ కొలువు తీరెను. 2020లో ‘సెనెద్’ అను పేరుతో పార్లమెంటు హోదా పొందెను.

ఇంత చెప్పిన పిమ్మట రెండవ పక్షమును విస్మరించుట న్యాయము కాదు. వెల్షు రానివారు వెల్షువారు కారా? 2021 లెక్కలలో తాము వెల్షువారము మాత్రమేయని చెప్పుకొన్నవారు నూటికి 55 మంది. భాష వచ్చినవారు 18 లోపే. భాష లేకయే ఆ దేశమును తమదిగా భావించువారే అధికసంఖ్యాకులన్నమాట. డిలన్ థామస్ కవి 1914లో స్వాన్సీలో పుట్టెను. తండ్రి ఆంగ్లోపాధ్యాయుడు, వెల్షు వచ్చినవాడు. ప్రాచీన వెల్షు కథలనుండి ఏరి కుమారునికి పేరు పెట్టెను. భాషను మాత్రము ఇవ్వలేదు. ఆ కుమారుడు ఆంగ్లమున వ్రాసి వేల్సునకు కీర్తి తెచ్చెను. కార్డిఫ్ రేవు పేటలో పెరిగిన నల్లజాతి బాలిక బెట్టీ కాంప్‌బెల్ తాను ఉపాధ్యాయిని కావలెననుకొనగా, నీకది సాధ్యము కాదని ఆమె గురువే చెప్పెను. ఆమె ఆ పేటలోని పాఠశాలకే ప్రధానోపాధ్యాయిని అయ్యెను. వేల్సున ఆ పదవి పొందిన మొదటి నల్లజాతి వనిత ఆమెయే. 2021లో నగరము నడిబొడ్డున ఆమె విగ్రహమును నిలిపిరి. గనులు మూతబడినవి, పోర్ట్ టాల్బట్‌లో మన టాటావారి ఉక్కు కర్మాగారపు కొలుములు 2024 సెప్టెంబరు నాటికి ఆరిపోయినవి. అట్టి ఊరిలో పని కోల్పోయినవానికి భాషకంటె కూడు ముందు గుర్తువచ్చును. వీరినెల్ల కలుపుకొననిచో జాతీయత కొందరి సొత్తుగా మిగిలిపోవును.

మా అభిప్రాయమున వేల్సు గొప్పతనము ఇచ్చటనే యున్నది. భాష రానివారిని వెలివేయక, రానివారును దానిని తమదియే యనుకొనునట్లు చేయుటకు అది ప్రయత్నించుచున్నది. 2050 నాటికి పది లక్షలమందికి వెల్షు రావలెనని లక్ష్యము పెట్టుకొన్నది. కాని ఫలితము సులభము కాదు. 2011లో 5,62,000గా నున్న వెల్షు భాషీయులు 2021లో 5,38,000కు తగ్గిరి. తగ్గుదల ముఖ్యముగా 3 నుండి 15 ఏండ్ల పిల్లలలోనే కనబడినది. చట్టమును, బడియు, ప్రసారమార్గమును ఉండగా ఇట్లయ్యెను. బడి నేర్పిన భాషను పిల్లవాడు ఆటస్థలమునను, అంగడిలోను, ఇంటను వాడనిచో అది పరీక్షాపత్రముతో ముగియును. బడి చేసిన నష్టమును బడి కొంత పూడ్చగలదు. ఇంటి పని మాత్రము ఇల్లే చేయవలెను.

2009 అక్టోబరులో కడప జిల్లాలోని ఒక పాఠశాలలో, తెలుగు మాటాడినందుకు పిల్లల మెడలలో, తానెన్నడును తెలుగు మాటాడనని ఆంగ్లమున వ్రాసిన పలకలు వ్రేలాడదీసిరను వార్త పత్రికలలో వచ్చినది. వేల్సు తన కొయ్యపలకలను ప్రదర్శనశాలలలో దాచుకొనిన తరువాతి మాట యిది. తెలుగు వెల్షు వంటిది కాదు. 2011 లెక్కలలో మన సంఖ్య 8 కోట్లకు పైన. కాని ఒక భాష క్షీణించుట సంఖ్య తగ్గిన దినమున మొదలు కాదు. దానిని పలుకుటకు పిల్లవాడు సిగ్గుపడిన దినమున మొదలగును. ఆంగ్లము నేర్పుడు, చక్కగా నేర్పుడు. నేడు వెల్షు మాటాడు పెద్దలందరికిని ఆంగ్లము వచ్చును. ఆ రెండవ భాష కొరకు మొదటిదానిని దండింపనక్కరలేదని మాత్రమే మేము చెప్పునది.

ఉపాధ్యాయులకు ఒక చిన్న విన్నపము. ఈసారి వృత్తపాఠమున నల్లబల్లపై ‘పై’ గుర్తు వ్రాయునపుడు, ఆ గుర్తు నిచ్చిన ఆంగ్లసీ రైతుబిడ్డ ఇంట ఏ భాష పలికెడివాడో, ఆయన కుమారునికి ఏ భాష అందకపోయెనో పిల్లలకు చెప్పుడు. పాఠమునకు రెండు నిమిషములు ఆలస్యమగును, అంతియే.